124 బెంజ్ స్టీరింగ్ ఆయిల్ కారుతోంది, స్టీరింగ్ బాక్స్ మొత్తం మార్చమంటున్నారు

కందనవోలు_124, కర్నూలు
మే 4, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదివి వెళ్లిపోయేవాణ్ణి. ఇప్పుడు నాకే అవసరం పడింది.

బండి 1996 మోడల్ మెర్సిడెస్ ఈ250 డీజిల్, 124 బాడీ (కంపెనీ ఆ మోడల్‌కు పెట్టిన నంబరు), పుణెలో తయారైంది. మా నాన్న 2003లో బెంగళూరులో సెకండ్ హ్యాండ్ కొన్నారు. ఇప్పుడు ఆయనకు డెబ్బై రెండు. నడిపేది నేను, పక్కన కూర్చుని గేరు ఎప్పుడు మార్చాలో చెప్పేది ఆయన. మీటరు 2,85,000 దాటింది.

రెండు నెలల కింద గచ్చు మీద ఎర్ర మరక కనబడింది. స్టీరింగ్ ఆయిల్ తగ్గింది, పోశాను. మొదట్లో నెలకొకసారి పోస్తే సరిపోయేది. ఇప్పుడు వారానికి పావు లీటరు తాగుతోంది. పోయిన ఆదివారం ఓర్వకల్లు దాకా వెళ్లొస్తూ రాజ్‌విహార్ దగ్గర బండి తిప్పితే పవర్ స్టీరింగ్ పంపు ‘మూఁ’ అని మూలిగింది. రోడ్డు మీద అందరూ తిరిగి చూశారు.

ఊళ్లోనే ఒక గ్యారేజీలో చూపించాను. లిఫ్ట్ ఎక్కించి, రెండు నిమిషాలు టార్చ్ వేసి, “బాక్స్ పోయింది సార్, మొత్తం మార్చాల్సిందే” అన్నారు. బాక్స్ అంటే స్టీరింగ్ తిప్పడాన్ని చక్రాలకు అందించే గేర్ల పెట్టె. కొత్తదైతే లక్ష దాటుతుందట. ఢిల్లీ నుంచి పాతది తెప్పిస్తే 35 వేలు, గ్యారంటీ లేదు. నిజంగా బాక్సే మార్చాలా? ఇలాంటి బండి ఉన్నవాళ్లు చెప్పండి.

కాంటెస్సా_కండలు, నంద్యాల
మే 4, రాత్రి 10:05

నాది పాత 1.5 ఇంజిన్ కాంటెస్సా. పవర్ స్టీరింగూ లేదు, లీకూ లేదు. సంతలో పార్కింగ్ చేసిన రోజు వేరే కసరత్తు అక్కర్లేదు. సలహా ఏమీ లేదు సామీ, ఊరికే చెప్పుకుందామని వచ్చా.

అనంత_స్పానర్, అనంతపురం
మే 5, ఉదయం 6:20

నేను ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా రిటైరైనవాణ్ణి. బెంజ్ కారు విప్పింది రెండు మూడు సార్లే గానీ, బస్సు స్టీరింగ్ బాక్సులు లెక్క లేదు. లోపల పని ఒకటే.

రెండు నిమిషాలు టార్చ్ వేసి బాక్స్ పోయిందనడం నాడి పట్టకుండా ఆపరేషన్ చెప్పడమే. ఆయిల్ పైన ఎక్కడ కారినా కిందికే వస్తుంది. బాక్సు కింద ఉంటుంది కాబట్టి ప్రతి లీకూ బాక్సు లీకులాగే కనబడుతుంది. ఇంజిన్ గాలికి వెనక్కి కూడా పాకుతుంది. తడిగా ఉన్న చోటల్లా లీకు కాదు బాబూ. తడికి అన్నిటికన్నా పైన ఉన్న అంచు ఏదో అది పట్టాలి.

చూడాల్సిన చోట్లు చెబుతా. పంపు పుల్లీ వెనక షాఫ్ట్ సీలు, అంటే తిరిగే కడ్డీ చుట్టూ ఆయిల్ ఆపే రబ్బరు రింగు. అది పోతే బెల్టు తడుస్తుంది, బానెట్ లోపలి వైపు ఒక గీతలాగా ఆయిల్ చిమ్మి ఉంటుంది. పంపు మీది ఆయిల్ డబ్బా మూత రబ్బరు, డబ్బా పంపును తాకే చోట ఉన్న ఓ రింగ్. పంపు నుంచి బాక్సుకు వెళ్లే ప్రెషర్ హోస్, ముఖ్యంగా రబ్బరు ఇనుములోకి దూరే బిగింపు దగ్గర. బాక్సు నుంచి తిరిగి వచ్చే రిటర్న్ హోస్, దాని క్లిప్పులు. ఇక బాక్సులో పైన స్టీరింగ్ రాడ్ దూరే చోటి సీలు, కింద డ్రాప్ ఆర్మ్ (చక్రాల రాడ్లను కదిపే చెయ్యి) ఉన్న షాఫ్ట్ సీలు.

పద్ధతి ఇది. బండి చల్లగా ఉన్నప్పుడు బాక్సు, పంపు, హోసులు అన్నీ కిరోసిన్‌తో కడుగు. గుడ్డతో తుడిచి ఒక పూట ఆరనివ్వు. తర్వాత పిల్లలకు పూసే పౌడర్ చల్లు. కింద అట్ట పరుచు. స్టార్ట్ చేసి ఒకరు లోపల కూర్చుని స్టీరింగ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు పది సార్లు తిప్పాలి. చివర్లో పట్టుకుని ఉండకూడదు, తగలగానే వదిలేయాలి. పౌడర్ ముందు ఎక్కడ తడిసిందో అదే మీ దొంగ.

ఒక్క మాట. ఇంజిన్ నడుస్తుండగా హోస్ మీద చెయ్యి పెట్టి లీకు వెతకొద్దు. కారు టైరులో ఉండేది రెండు బార్ చిల్లర గాలి. ఈ హోసులో చివరి దాకా తిప్పినప్పుడు 80 బార్ పైన ఉంటుంది. సూది రంధ్రం నుంచి వచ్చినా చర్మంలోకి దూరిపోతుంది. డిపోలో ఒకతనికి వేలు తీసేయాల్సి వచ్చింది.

బెంజ్_బాలుడు, హైదరాబాద్
మే 5, ఉదయం 8:11

పెద్దాయన చెప్పినదానికి నమస్కారం. నా దగ్గర ఈ220 ఉంది, అదే బాడీ. నాకు అనుమానం వచ్చింది ఒక్క మాట మీద: మరక ఎర్రగా ఉందన్నారు. ఈ బండికి కంపెనీ చెప్పిన స్టీరింగ్ ఆయిల్ ఎర్రది కాదు, లేత పసుపు రంగులో ఉంటుంది. ఎర్రది అంటే ఎవరో ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ పోశారు. దానివల్ల బండి ఆగిపోదు, చాలామంది ఏళ్ల తరబడి అదే వాడుతున్నారు. అన్నీ కలిపి పోయడం మాత్రం మంచిది కాదు. ముఖ్యంగా కొత్త జర్మన్ బండ్లకు వచ్చే ఆకుపచ్చ ఆయిల్ ఇందులో కలపొద్దు.

ఇంకోటి, డబ్బా లోపల చిన్న కాగితం ఫిల్టర్ ఉంటుంది. దాన్ని మార్చినవాళ్లను నేను ఇంతవరకు చూడలేదు. మూత తీసి చూడండి.

ఏడురోడ్ల_డ్రైవర్, కడప
మే 5, మధ్యాహ్నం 1:30

అన్నా, ఏమైనా పోయండి గానీ బ్రేక్ ఆయిల్ మాత్రం పోయొద్దు. నా అనుభవం వినండి.

నాకు సియెలో కారు ఉండేది. రాయచోటి నుంచి వస్తుంటే స్టీరింగ్ గట్టిపడింది, చూస్తే డబ్బా ఖాళీ. దాబా పక్క షాపులో స్టీరింగ్ ఆయిల్ లేదు. “ఇది కూడా ఆయిలే కదప్పా” అని బ్రేక్ ఆయిల్ సీసా చేతిలో పెట్టాడు. నేనూ పోశా. గువ్వలచెరువు ఘాట్ దిగేదాకా బ్రహ్మాండంగా ఉంది. పది రోజుల్లో ర్యాక్ (ఆ బండిలో బాక్సు బదులు ఉండేది) లోపలి రబ్బర్లన్నీ ఉబ్బి మెత్తబడ్డాయి. రెండు పక్కలా రబ్బరు తొడుగులు నొక్కితే పుచ్చకాయ పిండినట్టు ఆయిల్. ర్యాక్, పంపు, హోసులు మొత్తం పోయాయి. 90 రూపాయల సీసా నాకు 22 వేలు పడింది.

అసలు తప్పు నాదే. ఆయిల్ లేకపోతే స్టీరింగ్ బరువవుతుందే తప్ప పట్టేయదు. కండలు నొప్పి పుట్టినా మెల్లగా ఇంటికి రావాల్సింది.

కాంటెస్సా_కండలు, నంద్యాల
మే 5, మధ్యాహ్నం 1:34

అదే నేను చెప్పేది.

కందనవోలు_124, కర్నూలు
మే 5, రాత్రి 8:50

అందరికీ థ్యాంక్స్. ఆదివారం దాకా ఆగి పౌడర్ పరీక్ష చేస్తా, పగలు 43 డిగ్రీలు ఉంది, బానెట్ ముట్టుకుంటే కాలుతోంది. ఈలోగా ఒక సందేహం. ఆయిల్‌లో కలిపితే లీకు ఆగిపోతుందని ఒక సీసా దొరుకుతోంది, 600 రూపాయలు. పోయొచ్చా? నాన్న పోసేయమంటున్నారు.

అనంత_స్పానర్, అనంతపురం
మే 5, రాత్రి 9:15

నాన్నగారికి నా నమస్కారం చెప్పు. ఆ సీసాలో ఉండేది రబ్బరును మెత్తబరిచి కొద్దిగా ఉబ్బించే రసాయనం. సీలు ఎండి గట్టిపడి చెమ్మ వస్తుంటే కొన్ని నెలలు ఆపుతుంది. ఊరికి వెళ్లాలి, టైం లేదు అన్నప్పుడు తప్పు కాదు. పగిలిన హోసుకు, అరిగిన షాఫ్టుకు అది ఏమీ చేయలేదు. మంచిగా ఉన్న సీళ్లను కూడా మెత్తబరుస్తుంది, అదీ బాధ. లీకు ఎక్కడో తెలియకముందే పోస్తే తర్వాత వెతకడం కష్టం. ఆదివారం దాకా ఆగు.

గేరు_మారని_మనిషి, బెంగళూరు
మే 6, ఉదయం 10:02

ఇంత గోల ఎందుకు, హైడ్రాలిక్ మొత్తం పీకేసి ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ పెట్టేయండి. ఆయిల్ లేదు, పంపు లేదు, బెల్టు బరువు లేదు. స్క్రాప్‌లో చిన్న కార్ల స్టీరింగ్ కాలమ్ (స్టీరింగ్ చక్రం కింది రాడ్) మోటార్లు దొరుకుతాయి.

బెంజ్_బాలుడు, హైదరాబాద్
మే 6, ఉదయం 10:40

124లోనా? దాదాపు టన్నున్నర బండికి చిన్న కారు మోటారా? పైగా కాలమ్ కోసి వెల్డింగ్ చేయాలి. స్టీరింగ్ కాలమ్ మీద వెల్డింగ్ అంటే నేను ఆ బండిలో ఎక్కను, నా శత్రువును కూడా ఎక్కనివ్వను.

గేరు_మారని_మనిషి, బెంగళూరు
మే 6, ఉదయం 10:58

1988లోనే సుజుకి సెర్వోకు ఎలక్ట్రిక్ పెట్టారు. మీరు ఇంకా 1951లో ఉన్నారు, హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్‌తో మొదట అమ్మిన క్రైస్లర్ ఇంపీరియల్ కాలంలో.

బెంజ్_బాలుడు, హైదరాబాద్
మే 6, ఉదయం 11:10

మరీ చెప్పాలంటే అమెరికా ఇంజినీరు ఫ్రాన్సిస్ డేవిస్ హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్‌ను 1920లలోనే చేసి చూపించాడు, కార్ల కంపెనీలు పావు శతాబ్దం పట్టించుకోలేదు. పాత బండి ఉంచుకునేదే ఆ పాత పద్ధతి కోసం. ఈ బాక్సు రోడ్డును చేతికి చెప్పే తీరు వేరు.

మోడరేటర్
మే 6, ఉదయం 11:30

ఎలక్ట్రిక్ మార్పిడి మీద వేరే చర్చ ఉంది, అక్కడికి వెళ్లండి. ఇక్కడ లీకు గురించే.

కందనవోలు_124, కర్నూలు
మే 10, మధ్యాహ్నం 12:15

పరీక్ష అయింది. పొద్దున్నే ఆరు గంటలకు మొదలుపెట్టాం. మా అమ్మ పౌడర్ డబ్బా సగం ఖాళీ, ఆవిడ కోపం వేరే కథ. నాన్న లోపల కూర్చుని స్టీరింగ్ తిప్పారు, నేను కింద పడుకున్నాను.

పంపు పుల్లీ వెనక పొడిగా ఉంది, బెల్టు పొడిగా ఉంది. మూడో తిప్పుడుకే రిటర్న్ హోస్ డబ్బాకు తగిలే చోట పౌడర్ ఎర్రబడింది. హోసును వేలితో వంచితే బీటలు, ఎండిన చెరువు మట్టిలాగా. క్లిప్పు అసలుది కాదు, ఎవరో నీళ్ల పైపు క్లిప్పు వేశారు.

రెండోది బాక్సు కింద. డ్రాప్ ఆర్మ్ చుట్టూ మెల్లగా ఒక చుక్క. ఆశ్చర్యం ఏంటంటే కుడి వైపు తిప్పినప్పుడే వస్తోంది, ఎడమ వైపు తిప్పితే రావడం లేదు. బాక్సు పైన సీలు, ప్రెషర్ హోస్ పొడిగానే ఉన్నాయి. డబ్బాలో ఫిల్టర్ చూశాను. నల్లగా, అప్పడంలా ఉంది. పట్టుకుంటే విరిగింది.

అనంత_స్పానర్, అనంతపురం
మే 10, మధ్యాహ్నం 12:50

శభాష్. ఒక వైపే రావడం సహజమే. ఇలాంటి బాక్సుల్లో లోపల పిస్టన్ ఉంటుంది, దానికి రెండు పక్కలా రెండు గదులు. ఒక వైపు తిప్పితే ఒక గదిలో ఒత్తిడి, ఇంకో వైపు తిప్పితే ఇంకో గదిలో. కింది షాఫ్ట్ ఒక గదిలోనే ఉంటుంది. ఆ గదికి ఒత్తిడి వచ్చినప్పుడే ఆ సీలు మీద బరువు పడుతుంది. అంటే బాక్సు లోపల బాగానే ఉంది, కింది సీలు మాత్రం పోయింది.

అందుకే ఇంకోటి. అంగట్లో దొరికే మామూలు ఆయిల్ సీలు ఆ కొలతకు సరిపోయినా వేయొద్దు. గేర్‌బాక్సులకు వేసే సీళ్లు అర బార్ ఒత్తిడి కూడా తట్టుకోవు. స్టీరింగ్ సీలు పెదవి పొట్టిగా, మందంగా ఉంటుంది. కిట్‌లో వచ్చేదే వాడాలి.

ముందు హోస్ మార్చు. వారం నడుపు. మిగిలిన లీకు ఎంతో చూసుకుని అప్పుడు సీలు పని పెట్టుకో.

తాడిపత్రి_హోస్, తాడిపత్రి
మే 10, సాయంత్రం 5:25

నాది హైడ్రాలిక్ హోసుల షాపు. గ్రానైట్ క్వారీల మిషన్లు, జేసీబీలు, ట్రాక్టర్లు, బోరు బండ్లు మా గిరాకీ. కార్లవాళ్లు నెలకు ఒకరిద్దరు వస్తారు, వచ్చేటప్పుడే ఏదో ఒకటి పాడుచేసుకుని వస్తారు. కాబట్టి ముందే చెబుతున్నా.

రిటర్న్ హోసులో ఒత్తిడి చాలా తక్కువ. దానికి ఆయిల్ తట్టుకునే నైట్రైల్ రబ్బరు హోస్, మంచి క్లిప్పు చాలు. మీటరుకు వంద నుంచి రెండు వందల రూపాయల లోపు. రేడియేటర్ హోస్ ముక్క కోసి వేయొద్దు. అది నీళ్లకు చేసిన రబ్బరు, ఈ ఆయిల్ తగిలితే ఉబ్బి జారిపోతుంది. చూసేందుకు రెండూ నల్లగానే ఉంటాయి, అందుకే మోసపోతారు.

ప్రెషర్ హోస్ వేరే సంగతి. దానికి క్లిప్పు వేస్తే మొదటి తిప్పుడుకే ఊడుతుంది. పాత చివర్లు ఉంచి, మధ్యలో కొత్త తీగల హోస్ పెట్టి మిషన్ మీద నొక్కాలి. 3/8 ఇంచీ ఒక పొర తీగ హోస్ అయితే 180 బార్ దాకా పనిచేస్తుంది, కారుకు ఎక్కువే. ఇక్కడే చిక్కు. కారు కంపెనీ హోస్ కావాలనే కొంచెం ఉబ్బేలా చేస్తారు, పంపు కొట్టే దెబ్బలను మింగడానికి. మా జేసీబీ హోస్ ఉబ్బదు. అది వేస్తే లీకు పోతుంది గానీ కొన్ని బండ్లలో స్టీరింగ్ తిప్పినప్పుడు గుయ్‌మనే మోత, చేతికి వణుకు వస్తాయి. వంపు కూడా గట్టిగా ఉంటుంది, చోటు లేకపోతే విరుచుకుపోతుంది. నా గిరాకీ పోయినా సరే, ప్రెషర్ హోస్ పొడిగా ఉంటే దాన్ని ముట్టుకోవద్దు.

బెంజ్_బాలుడు, హైదరాబాద్
మే 10, సాయంత్రం 6:02

ఈ మోత సంగతి నాకు ఇప్పుడు అర్థమైంది. రెండేళ్ల కింద ఒకచోట నొక్కించుకొచ్చాను, అప్పటి నుంచి నా బండి దోమలా గుయ్‌మంటోంది. పంపు అనుకుని పంపు మార్చాను! 18 వేలు.

తాడిపత్రి_హోస్, తాడిపత్రి
మే 10, సాయంత్రం 6:10

పాత పంపు పారేయలేదు కదా సార్?

బెంజ్_బాలుడు, హైదరాబాద్
మే 10, సాయంత్రం 6:12

పారేశాను.

కందనవోలు_124, కర్నూలు
మే 18, రాత్రి 9:05

రిటర్న్ హోస్ మార్చాను. హోస్, రెండు క్లిప్పులు కలిపి 260 రూపాయలు. ఫిల్టర్, మూత రబ్బరు హైదరాబాద్ నుంచి బస్సు పార్సిల్‌లో వచ్చాయి, బెంజ్_బాలుడు గారికి థ్యాంక్స్. పాత ఆయిల్ మొత్తం తీసేశాం. రిటర్న్ పైపును సీసాలో పెట్టి, ఇంజిన్ ఆపి, ముందు చక్రాలు లేపి తిప్పితే వచ్చేసింది. గోరింటాకు రసంలా ఉంది. కొత్తగా పసుపు ఆయిలే పోశాం.

వారానికి పావు లీటరు పోయేది, ఈ వారం రెండు చెంచాలు కూడా పోలేదు. లక్ష రూపాయల బాక్సు మార్చి ఉంటే పాత హోస్ అట్లాగే ఉండి మళ్లీ కారేది. అది తలచుకుంటే నిద్ర పట్టడం లేదు.

ఇక కింది సీలు. ఆ చుక్క సైలెన్సర్ పైపు వైపు పడుతోంది, వదిలేయడానికి భయంగా ఉంది.

డాలస్_సీమోడు, డాలస్
మే 19, ఉదయం 7:30

వదిలేయొద్దు అన్నా, కాలిన పైపు మీద పడితే పొగతో మొదలై మంటతో ముగుస్తుంది. సీల్ కిట్ ఇక్కడ సులువుగా దొరుకుతుంది. బరువు వంద గ్రాములు ఉండదు. మా పెద్దమ్మ కొడుకు 27న కర్నూలు వస్తున్నాడు, ఊరగాయ తీసుకెళ్లడానికి ఖాళీ పెట్టెతోనే వస్తాడు. బండి చాసిస్ నంబరు ప్రైవేట్ మెసేజ్‌లో పంపండి. బాక్సు మీద పోత అక్షరాలు ఫోటో కూడా. ఒకే మోడల్‌లో రెండు రకాల బాక్సులు ఉండొచ్చు, కిట్లు కలవవు.

అనంత_స్పానర్, అనంతపురం
మే 19, ఉదయం 8:00

కిట్ వచ్చేలోపు ఇవి రాసిపెట్టుకో.

డ్రాప్ ఆర్మ్ తీసేముందు షాఫ్టుకూ ఆర్మ్‌కూ కలిపి చీజెల్‌తో గీత పెట్టించు. ఆ గీత లేకపోతే పళ్లు ఒకటి మారి, చక్రాలు నేరుగా ఉంటే స్టీరింగ్ వంకరగా ఉంటుంది.

ఆర్మ్ పుల్లర్‌తోనే తీయాలి. పుల్లర్ అంటే పట్టి లాగే పనిముట్టు. ఎంత బిగుసుకున్నా సుత్తి వద్దు. కింద కొట్టిన దెబ్బ లోపల బేరింగుకు, గుండ్లు తిరిగే గాడికి తగులుతుంది. ఆ రోజు ఏమీ తెలియదు, ఆరు నెలలకు స్టీరింగ్ మధ్యలో పట్టినట్టు ఉంటుంది.

పైన రాడ్ ఊడదీసిన తర్వాత లోపల స్టీరింగ్ చక్రం తిరగకుండా కట్టేయండి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండిలో చక్రం కింద చుట్టిన రిబ్బన్ వైరు ఉంటుంది, అది తెగితే ఇంకో ఖర్చు.

బాక్సు పైన అడ్జస్ట్ స్క్రూ, లాక్ నట్టు ఉంటాయి. “ప్లే ఉంది, కొంచెం బిగిద్దాం” అంటారు. ప్లే అంటే చక్రాలు కదలకుండా స్టీరింగ్ ఊరికే తిరిగే సందు. బిగించనివ్వొద్దు. ప్లే సగం టై రాడ్ (చక్రాలను తిప్పే రాడ్) చివర్ల నుంచి వస్తుంది, బాక్సును బిగిస్తే స్టీరింగ్ తనంతట తాను నేరుగా రాదు.

కందనవోలు_124, కర్నూలు
జూన్ 3, రాత్రి 10:20

కిట్ వచ్చింది. సీలు మార్చాం. ఏడుపు వార్త: నాలుగో రోజే మళ్లీ చుక్క.

మా షెడ్డు భాయ్ పుల్లర్ వాడారు, గీత పెట్టారు, చెప్పినవన్నీ చేశారు. కొత్త సీలు ఎక్కించేటప్పుడు మాత్రం షాఫ్ట్ పళ్ల మీదుగా తోసి, పైప్ ముక్కతో తట్టారు. నేను పక్కనే ఉన్నా, నాకేం తెలుసు. కిట్‌లో ఇంకో సీలు మిగలలేదు. నాన్న మూడు రోజులుగా నాతో బండి గురించి మాట్లాడటం లేదు, ఇది మా ఇంట్లో పెద్ద విషయం.

అనంత_స్పానర్, అనంతపురం
జూన్ 4, ఉదయం 6:05

తప్పు నాది, ఆ ముక్క చెప్పలేదు. పళ్ల అంచులు బ్లేడుల్లా ఉంటాయి, సీలు పెదవి కోసుకుపోతుంది. పాత ఎక్స్‌రే ఫిల్మ్ ముక్క షాఫ్టు చుట్టూ గొట్టంలా చుట్టి, దానికి ఆయిల్ పూసి, దాని మీదుగా సీలు జార్చాలి. తర్వాత ఫిల్మ్ లాగేయాలి. డిపోలో మా అందరి బొక్కల ఎక్స్‌రేలూ అట్లాగే ఖర్చయ్యాయి.

ఇంకో అనుమానం ఉంది. ముప్పై ఏళ్లు ఒకే చోట పెదవి రాసుకుని షాఫ్టు మీద గాడి పడి ఉంటుంది. గోరుతో అడ్డంగా గీరి చూడు. గోరు ఆగితే గాడి ఉన్నట్టే. అప్పుడు బంగారం సీలు వేసినా కారుతుంది.

డాలస్_సీమోడు, డాలస్
జూన్ 4, ఉదయం 8:45

సీలు ఒక్కటీ కొరియర్‌లో వేస్తున్నా, రెండు పంపుతా. గాడి ఉంటే షాఫ్టుకు తొడిగే పలుచటి స్టీల్ స్లీవ్ దొరుకుతుంది, మందం పావు మిల్లీమీటరు చిల్లర. కొలత చెబితే చూస్తా.

కందనవోలు_124, కర్నూలు
జూన్ 16, రాత్రి 9:30

ఈసారి పొడుగ్గా రాస్తున్నా, ఓపిక పట్టండి.

విప్పాం. సీలు పెదవి మీద రెండు చోట్ల కోత, పెద్దాయన చెప్పినట్టే. షాఫ్టు మీద గోరు ఆగింది. రెండూ నిజమే. స్లీవ్ మా కొలతకు దొరకలేదు.

బళ్లారి చౌరస్తా అవతల ట్రాక్టర్ల లేత్ షెడ్డు ఒకటి ఉంది. అక్కడి మేస్త్రికి అరవై దాటి ఉంటాయి. బెంజ్ పేరు చెబితే పట్టించుకోలేదు, షాఫ్టు చేతిలో పెడితే అద్దాలు పెట్టుకున్నారు. గోరుతో ఒకసారి, అగ్గిపుల్లతో ఒకసారి గీరి చూశారు. “గాడి ఇక్కడే ఉంది, పక్కనంతా కొత్త షాఫ్టే కదా. సీలును పక్కకు జరిపితే పోలా?” అన్నారు.

సీలుకు, దాన్ని పట్టి ఉంచే సర్క్లిప్‌కు మధ్య ఒక మందపాటి వాషర్ ఉంటుంది. సర్క్లిప్ అంటే గాడిలో కూర్చునే స్ప్రింగు రింగు. మేస్త్రి ఆ వాషర్‌ను లేత్ మీద ముప్పావు మిల్లీ పలుచన చేశారు. అంతే మందం ఉన్న రింగు ఒకటి కొత్తగా కోసి సీలు వెనక పెట్టారు. మొత్తం కొలత మారలేదు, సర్క్లిప్ దాని గాడిలోనే కూర్చుంది, సీలు పెదవి మాత్రం ముప్పావు మిల్లీ బయటికి జరిగి నున్నటి చోట ఆనింది. పాత గాడి అంచును ఆయిల్ వేసి సన్న ఎమరీ కాగితంతో చుట్టూ తిప్పుతూ రుద్దారు. పొడవునా రుద్దితే ఆ గీతల వెంట ఆయిల్ బయటికి నడిచి వస్తుందట. ఎక్స్‌రే ఫిల్మ్ నాన్నగారి మోకాలిది, పోయినేడాది తీయించింది.

గంటన్నర పని. ఎంత అంటే 400 అన్నారు. 500 ఇస్తే వంద తిరిగి ఇచ్చారు.

బిగించాక గాలి తీయడం: ముందు చక్రాలు గాల్లో, ఇంజిన్ ఆపే ఉంచి, ఇరవై సార్లు ఆ చివరకూ ఈ చివరకూ. మధ్యలో ఆయిల్ తగ్గుతుంటే పోస్తూ ఉన్నాం. బుడగలు ఆగాక స్టార్ట్ చేశాం. మొదటిసారి తొందరపడి ముందే స్టార్ట్ చేస్తే ఆయిల్ మజ్జిగ నురుగులా అయింది, గంట సేపు ఆగాల్సి వచ్చింది.

పన్నెండు రోజులు ఆగి రాద్దామనుకున్నా గానీ ఆగలేకపోయా. ఆరు రోజులైంది. అట్ట పొడి. నిన్న ఆత్మకూరు మీదుగా దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కి దిగాం. నాన్న డ్రైవ్ చేశారు, నా మాట వినకుండా. మలుపుల్లో ఒక్క మూలుగు లేదు.

ఖర్చు: హోస్, క్లిప్పులు 260, ఫిల్టర్, మూత రబ్బరు 900, ఆయిల్ రెండు సార్లకు 1,900, కిట్ 3,400, లేత్ 400, షెడ్డు భాయ్‌కు రెండుసార్లకు 4,500. రెండోసారి ఆయన డబ్బు వద్దన్నారు, బలవంతంగా ఇచ్చాను. పౌడర్ డబ్బా కొత్తది కొనిచ్చాను.

అనంత_స్పానర్, అనంతపురం
జూన్ 17, ఉదయం 6:10

ఆ మేస్త్రికి నా నమస్కారం చెప్పు. వాషర్ పలుచన చేయడం నాకు తట్టేది కాదు. నేనైతే స్లీవ్ కోసం ఊళ్లు తిరిగేవాణ్ణి.

నెల తర్వాత ఒకసారి డబ్బా మూత తీసి ఆయిల్ రంగు చూడు. నల్లబడితే హోసుల లోపలి రబ్బరు రాలుతున్నట్టు. అప్పుడు మళ్లీ మార్చు.

కాంటెస్సా_కండలు, నంద్యాల
జూన్ 17, ఉదయం 9:40

ఇదంతా చదివాక నా కాంటెస్సా మీద ప్రేమ పెరిగింది. భుజం నొప్పి కూడా పెరిగింది. ఆర్థోపెడిక్ డాక్టరు ఎక్స్‌రే తీయమన్నాడు, తీశాక ఫిల్మ్ ఎవరికైనా కావాలంటే చెప్పండి.

బెంజ్_బాలుడు, హైదరాబాద్
జూన్ 17, ఉదయం 11:05

తాడిపత్రి అన్నా, నా గుయ్‌మనే హోస్ తీసేసి అసలు రకం హోస్ తెప్పించుకున్నాను. మోత పోయింది. పారేసిన పంపు గురించి ఇంట్లో చెప్పలేదు.

ఏడురోడ్ల_డ్రైవర్, కడప
జూన్ 18, రాత్రి 8:20

కందనవోలు అన్నా, మా తమ్ముడు పాత ఈ220 ఒకటి చూసొచ్చాడు, అడ్వాన్స్ కూడా ఇచ్చేశాడంట. కింద అంతా ఆయిలే. ఆ లేత్ షెడ్డు ఆదివారం తెరిచి ఉంటుందా?

కందనవోలు_124, కర్నూలు
జూన్ 18, రాత్రి 8:26

ఆదివారం మధ్యాహ్నం దాకా ఉంటారు. ముందు పౌడర్ డబ్బా కొనుక్కోండి, ఇంట్లోది ముట్టుకోవద్దు.